అక్షింతల పురుగు పిల్లను గుర్తుపట్టేవాళ్లు తక్కువ

ఆగస్టు చివర్లో వరంగల్, హనుమకొండ జిల్లాల పత్తి చేలల్లో లేత ఆకులు తిప్పి చూస్తే పేనుబంక కనిపించే అవకాశం ఎక్కువ. పసుపు, ఆకుపచ్చ, ముదురు రంగుల్లో గుంపులుగా అంటుకుని రసం పీలుస్తుంటుంది. ఆకు అంచులు కిందికి ముడుచుకుంటాయి, కింది ఆకుల మీద జిగట పడుతుంది. ఆ గుంపుల మధ్యలోనే బూడిద కలిసిన నలుపు రంగు పురుగు ఒకటి చురుగ్గా తిరుగుతుంటుంది. ఆరు కాళ్లు, వెనక్కి పోయేకొద్దీ సన్నబడే ఒళ్లు, ఒంటి నిండా ముళ్లలాంటి బుడిపెలు, అక్కడక్కడా పసుపు మచ్చలు. చూపులకు అసలు దొంగ ఇదే అనిపిస్తుంది. 'కొత్త పురుగు పడ్డది' అని ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే ఎక్కడి నుంచో ఒక మందు పేరు వస్తుంది, తెల్లారి స్ప్రేయర్ చేలోకి దిగుతుంది.

ఆ పురుగు అక్షింతల పురుగు పిల్ల. చుక్కల రెక్కలు వచ్చాక దాన్ని బడి పిల్లలు కూడా గుర్తుపడతారు. రెక్కలు రాకముందు దశలో కూడా, అంటే మనిషి కంటికి ముద్దుగా కనిపించని ఆ పది రోజుల్లో కూడా, అది పేనుబంకను జోరుగా తింటుంది. పత్తిలో మందు కొట్టాలా వద్దా అన్న నిర్ణయం చాలాసార్లు ఈ పిల్లను గుర్తుపట్టడం మీదే ఆధారపడుతుంది. మిత్ర పురుగుల గురించి గోడ పోస్టర్లు చాలానే వచ్చాయి. వాటిలో నిగనిగలాడే పెద్ద పురుగు బొమ్మ పెద్దగా ఉంటుంది, పిల్ల బొమ్మ ఉంటే ఏ మూలనో ఉంటుంది.

పెద్ద పురుగు

మన చేలల్లో ఎక్కువగా కనిపించే అక్షింతల పురుగు పెసరగింజంత ఉంటుంది. వీపు ఉబ్బెత్తుగా, అడుగు చదునుగా ఉండటం వల్ల ఆకుకు అతుక్కుని కూర్చుంటే చీమ దాని కింద తల దూర్చలేదు. తల చిన్నది, పైనుంచి చూస్తే మెడ పలక కింద సగం దాగి ఉంటుంది. మీసాలు పొట్టివి, చివర కాస్త లావు. ఆకులు తినే చాలా రకాల పెంకు పురుగులకు మీసాలు పొడవుగా, సన్నగా ఉంటాయి కాబట్టి అనుమానం వచ్చినప్పుడు చుక్కలు లెక్కపెట్టడం మాని మీసాలు చూడటం మేలు.

కాక్సినెల్లిడే అనే ఈ కుటుంబంలో ప్రపంచం మొత్తం మీద సుమారు 6000 జాతులున్నాయి. పుస్తకాల్లో, పిల్లల బొమ్మల్లో కనిపించే ఎర్రటి ఏడు చుక్కల పురుగును లిన్నేయస్ 1758లోనే వర్ణించాడు. యూరప్‌లో, ఉత్తర భారతంలోని ఆవ చేలల్లో రాజ్యం దానిదే. వరంగల్ పత్తి చేలో ఎదురయ్యేది ఎక్కువగా అది కాదు. ఇక్కడ ముందుగా చెప్పాల్సిన పేరు కైలోమెనెస్ సెక్స్‌మాక్యులేటా. పాత వ్యవసాయ పుస్తకాల్లో దీన్నే మెనోకైలస్ అని రాశారు. పసుపు నుంచి నారింజ ఎరుపు వరకు ఉండే రెక్కల మీద, ఒక్కో రెక్కకు రెండు వంకర టింకర నల్లగీతలు, చివర ఒక నల్లచుక్క ఉంటాయి. శాస్త్రీయ నామంలో ఆరు మచ్చలున్నా, పొలంలో చూసేవాళ్లకు గుర్తుండేది ఆ వంకర గీతలే. దాని తర్వాత కాక్సినెల్లా ట్రాన్స్‌వర్సాలిస్. ఎర్రటి రెక్కలు, వీపు మధ్య రెక్కలు కలిసే చోట నల్లటి గీత, అటూ ఇటూ అడ్డంగా మచ్చలు.

అసలు చుక్కలే లేని అక్షింతల పురుగులు కూడా ఉన్నాయి. వరి పొలాల్లో నారింజ రంగులో నున్నగా కనిపించే మైక్రాస్పిస్ అలాంటిది. వరిని పీల్చే సుడిదోమ పిల్లల్ని తింటుంది, వరి పూత మీదున్నప్పుడు పుప్పొడితోనూ కడుపు నింపుకుంటుంది. పాలిపోయిన రెక్కల మీద మూడు నిలువు నల్లగీతలుండే బ్రూమోయిడెస్‌కు పిండినల్లి అనే రసం పీల్చే పురుగు అంటే ఇష్టం. నిమ్మపండు రంగులో ఉండే ఇలీస్ దారి ఇంకా వేరు. అది పురుగుల జోలికే పోదు, ఆకుల మీద పట్టే బూడిద తెగులు బూజును మేస్తుంది. బెండ, పెసర ఆకుల మీద తెల్లటి బూడిద కనిపించిన చోట ఈ పసుపు పురుగు తిరుగుతుంటే, తెగులును అదే మోసుకొచ్చిందని నింద వేస్తుంటారు. బూజు ఉన్న చోటికే అది మేతకు వస్తుంది.

చుక్కల్ని బట్టి వయసు చెప్పవచ్చన్న మాట పిల్లల్లో బాగా తిరుగుతుంది. అందులో నిజం లేదు. రెక్కలు గట్టిపడిన రోజున ఎన్ని చుక్కలుంటాయో చచ్చేదాకా అన్నే. ఆ రంగులు వేటగాళ్లకు హెచ్చరిక మాత్రమే. పురుగును వేళ్ల మధ్య పట్టుకుంటే మోకాళ్ల దగ్గర నుంచి పసుపు రంగు ద్రవం చుక్కగా బయటికి వస్తుంది. అది దాని రక్తమే. కాక్సినెలిన్ వంటి ఆల్కలాయిడ్ల వల్ల చేదుగా ఉంటుంది, ఘాటైన వాసన వేస్తుంది. ఒకసారి నోట పెట్టుకున్న పిట్ట మళ్లీ ఆ రంగు జోలికి రాదు. మనిషికి దీనివల్ల వేలికి మరక తప్ప ఇబ్బంది లేదు.

పైన కనిపించే గట్టి రెక్కలు ఎగరడానికి కావు, కప్పు మాత్రమే. ఎగిరే రెక్కలు వాటి కింద పల్చగా, ఒంటి కంటే పొడవుగా, మడతలు పడి ఉంటాయి. అంత పొడవైన రెక్క అంత చిన్న కప్పు కింద ఎలా మడత పడుతుందో చూడటానికి జపాన్ పరిశోధకులు గట్టి రెక్కలో కొంత తీసేసి, అవతలికి కనిపించే కృత్రిమ ముక్కను అతికించారు. ఆ పరిశోధన 2017లో వెలువడింది. పొట్టను పైకీ కిందికీ ఆడిస్తూ, కప్పు అంచు ఆసరాతో రెక్కను లోపలికి లాక్కుంటుందని అందులో తేలింది. చేలో ఎగిరొచ్చి వాలిన పురుగు రెక్క కొస ఒక్కోసారి బయట వేలాడుతూ, కాసేపటికి లోపలికి పోవడం కనిపిస్తుంది. అది ఈ మడత పనే.

తొలకరికి బయటపడే ఆరుద్ర పురుగును కూడా కొందరు ఈ లెక్కలోనే వేస్తారు. అది అసలు పెంకు పురుగే కాదు. ఎనిమిది కాళ్లతో, మఖమల్ లాంటి ఒంటితో ఉండే నల్లి జాతి. అలాగే వయ్యారిభామ మొక్క మీద కనిపించే, తెలుపు మీద గోధుమ గీతలున్న గుండ్రటి పురుగు జైగోగ్రామా. ఆ కలుపును తినడానికే మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలారు. రూపం దగ్గరగా ఉన్నా అది ఆకులు తినే పురుగుల కుటుంబానిది.

గుడ్డు నుంచి రెక్కల దాకా

ఆడ పురుగు పేనుబంక ఉన్న ఆకు అడుగున, లేదా పక్క ఆకు మీద గుడ్లు పెడుతుంది. ఒక్కోటి మిల్లీమీటరు పొడవు, రెండు కొసలా సన్నగా, పసుపు రంగులో, నిలబెట్టినట్టు పక్కపక్కనే ఉంటాయి. ఒక చోట పది నుంచి ముప్పై దాకా పెడుతుంది, బతికినన్నాళ్లలో మొత్తం వందల్లో. చోటు ఎంచుకోవడంలో దాని జాగ్రత్త గమనించదగ్గది. తన జాతి పిల్లలు అప్పటికే తిరిగిన ఆకుల మీద వాటి ఒంటి నుంచి అంటుకున్న రసాయనాల జాడ ఉంటుంది. ఆ జాడ తగిలితే చాలాసార్లు గుడ్లు పెట్టకుండా వేరే చోటికి పోతుంది. తిండి సరిపోని చోట గుడ్లు పెడితే ఆ గుడ్లే ముందు వచ్చిన పిల్లలకు తిండవుతాయి.

ఇది ఊరికే అనే మాట కాదు. వీటిలో తోటివాటిని తినడం మామూలు. రెండు నుంచి నాలుగు రోజుల్లో గుడ్లు పగులుతాయి. ముందుగా బయటికి వచ్చిన పిల్లలు ఖాళీ గుడ్డు పెంకుల్ని, తర్వాత ఇంకా పగలని పక్క గుడ్లను తింటాయి. ఆ మొదటి భోజనం తిన్న పిల్లకు పేనుబంకను వెతుక్కునే ఓపిక వస్తుంది, తిననిది ఒకటి రెండు రోజుల్లో ఆకలికి పడిపోవచ్చు. ముప్పై గుడ్లు కనిపిస్తే ముప్పై పురుగులు తయారవుతాయని లెక్క వేసుకోకూడదు.

పిల్ల నాలుగు దశలు దాటుతుంది, ఒక్కో దశ చివర చర్మం విడుస్తుంది. మొదటి దశలో కంటికి ఆనదు. నాలుగో దశకు వచ్చేసరికి పెద్ద పురుగు కంటే పొడవుగా ఉంటుంది, పిల్లగా ఉన్నన్నాళ్లూ తినే పేనుబంకలో ఎక్కువ భాగం ఈ చివరి దశలోనే తింటుంది. దీని చూపు అంతంత మాత్రం. పేనుబంక దాదాపు నోటికి తగిలేదాకా ఉన్నట్టు తెలియదు. అందుకే ఆకు ఈనెల వెంట, అంచుల వెంట గబగబా నడుస్తుంది. ఒకటి దొరికిందంటే వేగం తగ్గించి, అక్కడే మెలికలు తిరుగుతూ వెతుకుతుంది. పేనుబంక గుంపులుగానే ఉంటుంది కాబట్టి ఒకటి దొరికిన చోట ఇంకో పది ఉంటాయన్న లెక్క దాని నడకలోనే ఉంది. కొంతసేపు ఏమీ దొరక్కపోతే మళ్లీ వేగం పెంచి వేరే ఆకుకు పోతుంది.

పిల్ల దశ వారం నుంచి పది రోజులు. తర్వాత తోక కొసను ఆకుకు అంటించుకుని, వంగి, కదలకుండా ఉండిపోతుంది. ఇదే ప్యూపా. పసుపు, నారింజ రంగుల్లో నల్ల మచ్చలతో ఆకు మీద ఎండిన చుక్కలా కనిపించే దీన్ని ఏదో తెగులు మచ్చ అనుకుంటారు. వేలు తగిలిస్తే ఒక్క ఉదుటున పైకి లేచి మళ్లీ పడుతుంది. గుడ్లు పెట్టడానికి వచ్చే కందిరీగల్ని తరిమే ఉపాయం అది. మూడు నాలుగు రోజులకు వీపు పగిలి పెద్ద పురుగు వస్తుంది. అప్పుడే వచ్చినదానికి చుక్కలుండవు, లేత పసుపు రంగులో మెత్తగా ఉంటుంది. కొన్ని గంటల్లో రెక్కలు గట్టిపడుతూ మచ్చలు తేలతాయి. అసలైన ఎరుపు రావడానికి ఇంకా రోజులు పడుతుంది.

వానాకాలపు వేడిలో, అంటే 27, 28 డిగ్రీల దగ్గర, గుడ్డు నుంచి రెక్కల దాకా మొత్తం రెండు వారాల పైచిలుకు. డిసెంబరు, జనవరి చలిలో ఇది ఇంకా సాగుతుంది.

ఆకు తినే చుట్టం

కూరగాయల మడిలో పరిస్థితి తిరగబడుతుంది. వంగ, కాకర ఆకుల మీద కనిపించే 28 చుక్కల పురుగు ఇదే కుటుంబానిది, రైతులు దాన్నీ అక్షింతల పురుగనే అంటారు. పేరు హెనోసెపిలాక్నా, వ్యవసాయ శాఖ కరపత్రాల్లో ఎపిలాక్నా. ఇది పేనుబంకను ముట్టదు. పెద్దదీ పిల్లా రెండూ ఆకు అడుగున పచ్చదనాన్ని గీకి తింటాయి. గీకిన చోట ఆకు పల్చటి తెల్లపొరగా మారి, ఎండి, చివరికి ఈనెలే మిగులుతాయి.

విడదీసి చూడటం కష్టం కాదు. పేనుబంకను తినేది నిగనిగలాడుతుంది. ఆకు తినేది రాగి రంగులో వెలిసిపోయినట్టు ఉంటుంది, దగ్గరగా చూస్తే వీపు మీద సన్నటి నూగు కనిపిస్తుంది. చుక్కలు ఎక్కువగా, చిన్నగా ఉంటాయి, అన్నింటికీ సరిగ్గా 28 ఉండాలనేం లేదు. పిల్లల్లో తేడా ఇంకా స్పష్టం. మిత్ర పురుగు పిల్ల ముదురు రంగులో, పొడవాటి కాళ్లతో పరుగు పెడుతుంది. ఎపిలాక్నా పిల్ల పసుపు రంగులో మందంగా ఉంటుంది, ఒంటి మీద కొమ్మలు కొమ్మలుగా చీలిన ముళ్లుంటాయి, ఆకు మీద ఒక చోట కూర్చుని మేస్తుంది. ఒక్క గుడ్ల దగ్గరే తికమక. రెండూ పసుపే, రెండూ నిలువుగానే ఉంటాయి. చుట్టూ పేనుబంక ఉందా, ఆకు గీకిన గుర్తులున్నాయా చూసుకోవడమే దారి. పెరటి వంగలో, చిన్న మడుల్లో ఎపిలాక్నా గుడ్లున్న ఆకుల్ని, పిల్లల్ని ఏరేస్తే సరిపోతుంది. ఎకరాల్లో వేసినప్పుడే మందు మాట వస్తుంది. పక్కన ఉమ్మెత్త, వాకుడు లాంటి వంగ జాతి కలుపు ఉంటే పురుగు అక్కడ నిలదొక్కుకుని మళ్లీ మళ్లీ వస్తుంది.

ఏడాది పొడవునా ఎక్కడెక్కడ

ఉత్తర తెలంగాణలో అక్షింతల పురుగు ఒకే పంటను నమ్ముకుని బతకలేదు. పేనుబంక ఎక్కడికి పోతే అక్కడికి పోతుంది. జూన్, జులైలో తొలివానలకు వేసిన పెసర, బొబ్బర్ల మీద ముందుగా నల్ల పేనుబంక పడుతుంది, అక్షింతల పురుగు తొలి తరం అక్కడే తయారవుతుంది. పత్తి గట్ల మీద, సాళ్ల మధ్య బొబ్బర్లు వేయమని శాస్త్రవేత్తలు చెప్పడానికి ఒక కారణం ఇదే. బొబ్బర్ల మీది పేనుబంక, పేనుబంకను తినే పురుగును పత్తి పక్కనే పెంచి పెడుతుంది. పెసర కోతకు వచ్చేసరికి పత్తిలో పేనుబంక మొదలవుతుంది, పురుగులు అటు మళ్లుతాయి.

వర్షం గట్టిగా కొడితే పేనుబంక కడుక్కుపోతుంది. నాలుగు రోజులు మబ్బు పట్టి వాన పడకపోయినా, బెట్ట తగిలినా మళ్లీ పెరుగుతుంది. యూరియా ఎక్కువ వేసి ఏపుగా పెరిగిన చేలో ఇంకా త్వరగా. యాసంగిలో మక్క చేలు అక్షింతల పురుగులకు మంచి కాలం. మక్క సుడిలో, పూత మీద నల్లపచ్చ పేనుబంక గుంపులు కడుతుంది, పుప్పొడి అదనపు తిండి. ఆర్మూర్ వైపు ఎర్రజొన్న చేలల్లో ఆకుల అడుగున పసుపు పేనుబంక పట్టినప్పుడు ఆకుకు ఒకటి రెండు అక్షింతల పురుగు పిల్లలు కనిపించడం వింతేం కాదు.

గడ్డు కాలమంటే ఏప్రిల్, మే. పంటలుండవు, ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. అప్పుడు వీటిని ఆదుకునేవి గట్ల మీద, కాలువల పక్కన, చెరువు కట్టల కింద మిగిలిన పచ్చదనం. జిల్లేడు ఆకుల మీద ఎండాకాలంలో కూడా పసుపు పేనుబంక ఉంటుంది. పాఖాల, లక్నవరం లాంటి చెరువుల కింద తడి ఉండే చోట్ల, మామిడి తోటల్లో, ఇళ్ల దగ్గర కూరగాయ పాదుల మీద కొన్ని నెట్టుకొస్తాయి. గట్లను కలుపు మందుతో మొత్తం మాడ్చేసి 'చేను నీట్‌గా ఉంది' అనుకోవడం ఈ లెక్కన చూస్తే తెలివైన పని కాదు. వయ్యారిభామను పీకేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. గట్టు మీద ఉన్న ప్రతి మొక్కా శత్రువని మాత్రం కాదు.

పేనుబంకతో పందెం

మిత్ర పురుగుల గురించి రాసేవాళ్లు తరచుగా ఒక అతిశయోక్తి చేస్తారు. అక్షింతల పురుగులుంటే చాలు, పేనుబంక మాయమవుతుందన్నట్టు చెబుతారు. లెక్క అలా కుదరదు. వెచ్చటి కాలంలో ఆడ పేనుబంకకు మగ తోడు అక్కర్లేదు, గుడ్లూ పెట్టదు, నేరుగా పిల్లల్ని కంటుంది. ఆ పిల్ల వారం లోపే తల్లి కావచ్చు. అక్షింతల పురుగు ఒక తరం పూర్తి చేసేలోగా పేనుబంక రెండు మూడు తరాలు దాటేస్తుంది. పైగా అక్షింతల పురుగు తల్లి పేనుబంక బాగా పెరిగిన చోటికే వచ్చి గుడ్లు పెడుతుంది. అందువల్ల పిల్లల సంఖ్య ఎప్పుడూ పేనుబంక వెనకాలే పెరుగుతుంది. ఆ పది పన్నెండు రోజుల తేడాలోనే రైతుకు టెన్షన్ మొదలవుతుంది, మందు పడుతుంది.

కాలిఫోర్నియా నారింజ తోటల కథను ఇక్కడ చాలామంది గుర్తు చేస్తారు. 1888లో ఆస్ట్రేలియా నుంచి తెచ్చి వదిలిన రొడోలియా అనే అక్షింతల పురుగు, తోటల్ని తినేస్తున్న దూది లాంటి పొలుసు పురుగును ఒకటి రెండేళ్లలో అణిచేసింది. అది నిజమే. ఆ పొలుసు పురుగు ఒకచోట అంటుకుని కదలదు, నెమ్మదిగా పెరుగుతుంది. దాన్ని తినే పురుగు దానికంటే వేగంగా తరాలు పూర్తి చేస్తుంది. పత్తి చేలో మాత్రం వేగం పేనుబంక వైపే ఉంది. మన దేశానికి కూడా 1898లోనే క్రిప్టోలెమస్ అనే ఆస్ట్రేలియా అక్షింతల పురుగును తెచ్చారు. ద్రాక్ష, కాఫీ తోటల్లో పిండినల్లి మీద అది బాగానే పనిచేస్తుంది. పత్తి చేలో పేనుబంక మీద వదలడానికి అది తగినది కాదు.

అయితే అక్షింతల పురుగు ఒంటరిగా ఉండదు. అల్లిక రెక్కల పురుగు, సిర్ఫిడ్ ఈగ పిల్లలు, సాలీళ్లు, పేనుబంక లోపలే గుడ్డు పెట్టే చిన్న కందిరీగలు అన్నీ కలిసి ఆ వెనకబాటును కొంత పూడ్చేస్తాయి. దాని శత్రువులూ దానికున్నాయి. పేనుబంక విడిచే తీపి జిగట కోసం కాపలా కాసే చీమలు పిల్లల్ని తరుముతాయి, కొరుకుతాయి. డైనోకాంపస్ అనే కందిరీగ పెద్ద పురుగు కడుపులో గుడ్డు పెడుతుంది. దాని పిల్ల లోపల పెరిగి బయటికి వచ్చి, పురుగు కాళ్ల మధ్యే గూడు అల్లుకుంటుంది. చావని ఆ అక్షింతల పురుగు గూటి మీదే నిలబడి వణుకుతూ, తెలియకుండానే కాపలా కాస్తుంది.

మందుల చరిత్రలో దీని చోటు

1997-98లో ఉమ్మడి వరంగల్ జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతటినీ కదిలించాయి. అప్పులు, వాతావరణం, పొగాకు లద్దె పురుగు, శనగపచ్చ పురుగు అన్నీ ఒక్కసారే మీదపడ్డాయి. మందు మీద మందు కొట్టినా పురుగు చావని పరిస్థితి అది. సింథటిక్ పైరిథ్రాయిడ్లు అనే రకం పురుగు మందులు మళ్లీ మళ్లీ కొట్టిన పత్తిలో తెల్లదోమ, పేనుబంక తగ్గకపోగా పెరగడం శాస్త్రవేత్తలు చాలా చోట్ల గమనించారు. కారణాల్లో ఒకటి, రసం పీల్చే పురుగుల కంటే ముందు వాటిని తినే పురుగులు చావడం.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక కాయ తొలిచే పురుగుల మీద మందు కొట్టడం మొదట్లో తగ్గింది. బీటీ విషం గొంగళి పురుగుల మీదే పనిచేస్తుంది. పేనుబంక, పచ్చదోమ, తెల్లదోమ, పిండినల్లి మీద దానికి పట్టు లేదు. అందుకే ఇవాళ పత్తిలో తొలి రెండు నెలల పురుగు మందులు ఎక్కువగా రసం పీల్చే పురుగుల కోసమే. అక్షింతల పురుగు బతుకు ముడిపడి ఉన్నదీ సరిగ్గా వాటితోనే. విత్తనానికి పట్టించి వచ్చే ఇమిడాక్లోప్రిడ్ మందు మొదటి కొన్ని వారాలు మొక్కను కాపాడుతుంది. ఆ గడువు తీరకముందే పైనుంచి ఎసిఫేటో, ఇంకోటో కొడితే పెద్దగా లాభం ఉండదు. ఒంట్లో మందు చేరిన పేనుబంకను తిన్న అక్షింతల పురుగు పిల్లకు కూడా దెబ్బ తగులుతుంది.

పిచికారీకి బదులు లేత కాండానికి కుంచెతో మందు పూసే పద్ధతి ఇందుకే వచ్చింది. పత్తి 20 రోజుల వయసు నుంచి రెండు మూడు సార్లు పూస్తారు. మందు మొక్క లోపలికి పోయి రసం పీల్చేవాటికే తగులుతుంది, ఆకుల మీద తిరిగే మిత్ర పురుగుల మీద నేరుగా పడదు. పని నెమ్మది, కూలీల ఖర్చు ఎక్కువ, వంగి చేయాలి. రైతులు దీన్ని అంతగా పట్టించుకోకపోవడానికి కారణం అజ్ఞానం అనడం అన్యాయం, కూలీ రేటే అసలు అడ్డంకి. జనగామ జిల్లా లింగాల ఘన్‌పూర్ మండలంలోని ఏనెబావి పూర్తిగా రసాయనాలు మానేసిన ఊరుగా పేరు తెచ్చుకుంది. వేప కషాయం, పశువుల మూత్రం, ఎర పంటలతో అక్కడ సాగు నడిపారు. పక్క చేలో కొట్టే మందు బెడద లేకుండా ఊరంతా ఒకేసారి మారడం అక్కడ కలిసొచ్చిన అంశం. ఒక్క రైతు మందు మానేసి, చుట్టూ ఉన్నవాళ్లు కొడుతుంటే ఎగిరి తిరిగే అక్షింతల పురుగులకు పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు ఆగకూడదు

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ నేర్పే పద్ధతిలో ఒక మోటు లెక్క ఉంది. చేలో అక్కడక్కడా మొక్కలు ఎంచుకుని పంటను తినే పురుగుల్ని, వాటిని తినే పురుగుల్ని విడివిడిగా లెక్కపెట్టాలి. రెండు హాని పురుగులకు ఒక మిత్ర పురుగు ఉంటే మందు ఆపి, కొన్ని రోజులాగి మళ్లీ చూడాలి. అయితే పేనుబంక వందల్లో ఉంటుంది, దాన్ని తినే పిల్ల రోజుకు పదుల్లో తింటుంది. కాబట్టి ఈ నిష్పత్తిని పేనుబంకకు అక్షరాలా పాటించడం కుదరదు. ఎకరానికి నాలుగు చోట్ల చూసి, పేనుబంక ఉన్న ఆకుల్లో ఎక్కువ వాటి మీద అక్షింతల పురుగు పిల్లో, గుడ్లో, ప్యూపానో ఉంటే మూడు నాలుగు రోజులు ఆగడం సబబు. గుడ్లు, ప్యూపాలను కూడా లెక్కలో వేసుకోవాలి. చాలామంది ఎగిరే పెద్ద పురుగుల్నే లెక్కపెట్టి 'ఏం లేవు' అనేస్తారు.

మొక్క ఇంకా నాలుగైదు ఆకుల దశలో ఉండి, బెట్టకు వాడిపోతూ, పేనుబంక ఒత్తుగా పట్టి ఉంటే మాత్రం ఆగడం రిస్క్. అప్పుడు వేప నూనె కానీ, మిత్ర పురుగుల మీద ప్రభావం తక్కువగా ఉండే ఫ్లోనికామిడ్ లాంటి మందు కానీ, పురుగు ఉన్న మొక్కల వరకే కొట్టడం నయం.

మిరపలో లెక్క పూర్తిగా వేరు. 2021లో తెలంగాణ, ఆంధ్ర మిరప తోటల్ని ముంచేసిన నల్ల తామర పురుగులు పూల లోపల దాక్కుంటాయి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు తోటలకు తోటలు పూత రాల్చుకున్నాయి. ఆకుల మీద పేనుబంకను వెతుక్కుంటూ తిరిగే అక్షింతల పురుగు పిల్ల పూవు లోపలి తామర పురుగుకు అడ్డుకట్ట వేయలేదు. మిరప తోటలో పది అక్షింతల పురుగులు కనిపించాయంటే అక్కడెక్కడో పేనుబంక ఉందని అర్థం. తామర పురుగు ఎంత ఉందో తెలియాలంటే పూలు విదిలించి చూడాలి, నీలి రంగు జిగురు అట్టలు పెట్టాలి.